కుమారజీవ పండితుని చరిత్రము

స్వదేశమును విడిచి పరదేశమున నివాసమేర్పఱచుకొనినవారు లోకమున అనేకులు గలరు. కఱవునకు వెఱచి పోయినవారు కొందఱు, ధనార్జనకై పోయినవారు కొందఱు, రాజులచే చెఱపట్టబడి పోయినవారు మఱికొందఱు. పోయినవారందఱును ఏదో విధముగ బ్రదికిరి. కాని పోయిన దేశమును తమ దేశముగ చేసికొనినవారు కొలదిమంది మాత్రమే. అట్టివారిలో అగ్రగణ్యుడు కుమారజీవుడు. ఆయన తండ్రి భారతదేశమున పుట్టి మధ్యాసియాలో స్థిరపడెను. కుమారుడు మధ్యాసియాలో పుట్టి చీనాదేశమున స్థిరపడెను. తండ్రి తన యిచ్ఛచే పోయెను. కుమారుడు బందీగా కొనిపోబడెను. ఆంధ్రదేశముతో సంబంధముగల నాగార్జునాచార్యుని శాస్త్రములు చీనాభాషలో వెలసినది ఈ బందీ మూలముననే. కావున ఇది గ్రంథాభిమానులెల్లరు ఎఱుగదగిన చరిత్రము.

తండ్రి పేరు కుమారాయణుడు. ఆయన వంశీయులు భారతదేశమున తరతరములుగ మంత్రిపదవియందుండినవారు. తనకు ఆ పదవి రానున్న తరుణమున కుమారాయణుడు దానిని వలదని సన్యసించి, ఉత్తరముగ ప్రయాణమై పామీరు పర్వతములను దాటెను. చీనావారు ఆ కొండలకు ఉల్లికొండలని పేరిడిరి. ఏడాదిలో పెక్కు మాసములు మంచు కప్పియుండు త్రోవలవి. ఆ త్రోవలను గడచి ఆయన చేరిన రాజ్యము కూచా. అది నేటి చీనాదేశపు సింకియాంగు ప్రాంతమున, తక్లమకాను ఎడారికి ఉత్తరపుటంచున నున్నది. టియెన్‌షాను కొండల మంచు కరిగి పాఱు ఏళ్లే ఆ నేలకు జీవాధారము. చీనాపట్టు పడమటికి పోవు బాటపై నుండుటచే అచట వర్తకము, సంగీతము, బౌద్ధవిహారములు వర్ధిల్లినవి. ప్రజల భాష వేఱైనను విహారములలో సంస్కృత గ్రంథముల పఠనము జరుగుచుండెను. కావున కుమారాయణునకు అది పూర్తిగ క్రొత్తదేశము కాలేదు.

కూచా రాజు ఆయన కీర్తి విని, నగరము వెలుపలికి వచ్చి యెదుర్కొని, రాజగురువుగ నిలిపెను. రాజునకు జీవ యను చెల్లెలు గలదు. మిక్కిలి బుద్ధిశాలిని, ఎందఱు రాకుమారులు కోరినను సమ్మతింపక యుండెను. ఆమె కుమారాయణుని చూచి ఆయననే వరించెను. రాజు బలవంతము చేయగా సన్యాసమునకై ఇల్లు విడిచినవాడు పరదేశమున గృహస్థుడయ్యెను. క్రీ.శ. 344 ప్రాంతమున వారికి పుత్రుడు కలిగెను. తండ్రి పేరును తల్లి పేరును కలిపి కుమారజీవుడని నామకరణము చేసిరి. రెండు దేశముల కలయిక ఆయన పేరులోనే యున్నది.

కొంతకాలమునకు జీవాదేవి శ్మశానమున చెదరిపడియున్న యెముకలను చూచి విరక్తి చెందినది. సన్యసింప ననుజ్ఞ యిమ్మని భర్తను వేడినది. ఆయన ఒప్పుకొనలేదు. ఆమె ఆహారము మానినది. ఆఱు దినములు గడచునప్పటికి ప్రాణము నిలుచుట కష్టమయ్యెను. భర్త భయపడి సమ్మతించెను. అయినను జుట్టు తీయనిదే అన్నము ముట్టనని ఆమె పట్టుబట్టినది. వెంటనే శిరోముండనము చేయించిరి. అప్పుడు కుమారజీవునకు ఏడేండ్లు. ఆ బాలుడును తల్లితోపాటు విహారమున ప్రవేశించెను. దినమునకు వేయి గాథలు కంఠస్థము చేయుచుండెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి.

రాజు చెల్లెలగుటచే జనులు ఆమెకు కానుకలు విశేషముగ తెచ్చి యిచ్చుచుండిరి. ఈ భోగము పిల్లవాని చదువునకు చేటని యెంచి, ఆమె తొమ్మిదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని, భర్త యొకప్పుడు దాటివచ్చిన కొండలనే తిరిగి దాటి, సింధునదిని గడచి కాశ్మీరము చేరినది. అచట బంధుదత్తుడను పండితుని సన్నిధిని బాలుడు ఆగమములు చదివెను. రాజసభలో పరమతవాదులను గెలువగా రాజు సంతసించెను; విహారమువారు ఐదుగురు భిక్షువులను, పదిమంది శ్రామణేరులను ఆయన పరిచర్యకు నియమించిరి. పండ్రెండవ యేట తల్లి ఆయనను తిరిగి స్వస్థానమునకు తోడ్కొని బయలుదేఱినది. మార్గమున నొక సిద్ధుడు ఈ బాలుని చూచి, వ్రతభంగము కాకుండ కాపాడినచో నితడు అసంఖ్యాకులను తరింపజేయుననియు, భంగమైనచో పండితుడు మాత్రమే కాగలడనియు తల్లిని హెచ్చరించెనని చెప్పుదురు.

త్రోవలో కాష్‌గరునందు ఒక యేడు నిలిచిరి. అచట కుమారజీవుడు వేదవేదాంగములను, జ్యోతిషమును చదివెను. బుద్ధయశుడను పండితునితో స్నేహము కలిగెను. యార్కందు రాకుమారుడైన సూర్యసోముడు మహాయానమును బోధించెను. సకల ధర్మములు శూన్యములను మాట మొదట ఆయన మనస్సునకు ఎక్కలేదు. చాలకాలము వాదించి, పిమ్మట బోధపడిన దినమున, తాను ఇంతవఱకు బంగారము నెఱుగక ఇత్తడినే మేలిమి యనుకొంటినని విచారించెను. నాగార్జునుని మధ్యమకశాస్త్రమును, ఆయన శిష్యుడగు ఆర్యదేవుని శతశాస్త్రమును అప్పుడే వల్లించెను. దక్షిణాపథమున పుట్టిన విద్య మంచుకొండలకావలి యువకుని నాలుకపై నిలిచినది.

ఇరువదవ యేట కూచా రాజప్రాసాదమున ఆయనకు ఉపసంపద జరిగెను. విమలాక్షుడను ఆచార్యుని వద్ద వినయపిటకము చదివెను. కొంతకాలమునకు తల్లి భారతదేశమునకు పోవ నిశ్చయించుకొనినది. పోవుచు కొడుకుతో, మహాయానము తూర్పుదేశమున వ్యాపించుట అతని వలననే కావలసియున్నదనియు, కాని దానివలన అతనికి స్వలాభ మేమియు నుండదనియు చెప్పినది. పరులకు మేలగునెడల తాను కొలిమిలో పడియైనను సంతోషింతునని ఆయన బదులు చెప్పెను. తల్లి దక్షిణమునకు పోయినది. వారు మరల కలిసికొనినట్లు చరిత్రలో లేదు.

కుమారజీవుడు కూచాలోనే యుండి బోధింపసాగెను. పూర్వగురువైన బంధుదత్తుడు వచ్చి శిష్యునితో నెలకు పైగా వాదించి, తుదకు మహాయానమున శిష్యునకు తాను శిష్యుడనని యంగీకరించెను. రాజులు ఆయన ధర్మాసనము మ్రోల మోకరిల్లి, తమపై అడుగిడి ఆసనమెక్కుమని వేడుచుండిరట. ఇట్టి గౌరవమే ఆపదకు మూలమయ్యెను. ఆయన కీర్తి ఎడారి దాటి చాంగాను నగరమునకు ప్రాకినది. అది నేటి సియాను. అచట రాజ్యమేలుచున్న ఫూ చియెను పండితుని తెప్పింపగోరి, పడమటి రాజ్యములను లోబఱచుకొనుటకును గాను, లూ క్వాంగు అను సేనానిని డెబ్బదివేల సైన్యముతో పంపెను. 384లో కూచా పడిపోయెను.

లూ క్వాంగు యోధుడే కాని విద్యావినయములు తెలిసినవాడు కాడు. తాను పట్టుకొనిన మహాపండితుడు వృద్ధుడు కాకపోవుటచే ఆయనను సామాన్యునిగ భావించి పరిహసించెను. పొగరుబోతు గుఱ్ఱములపైనను ఎద్దులపైనను ఎక్కించి పడిపోవగా నవ్వెను. కూచా రాజపుత్రికను పెండ్లాడుమని నిర్బంధించెను. ఆయన ఒప్పుకొనలేదు. నీ తండ్రియు సన్యాసియే కదా యని ఎత్తిపొడిచి, మద్యము త్రాగించి, ఆమెతో నొక గదిలో బంధించిరి. ఈ విధముగ ఆయన వ్రతము భంగమయ్యెను. సిద్ధుడు హెచ్చరించిన కీడు మూడినది. దేశము పోయినది, వ్రతము పోయినది. మిగిలినది నేర్చిన విద్య యొక్కటే. దానిని మాత్రము ఎవ్వరును చెఱపట్టలేకపోయిరి.

385లో సైన్యము తిరుగుప్రయాణమయ్యెను. ఒకచోట కొండపాదమున దండు విడిసినది. ఇచట నిలుచుట ప్రమాదమని కుమారజీవుడు చెప్పెను. సేనాని వినలేదు. ఆ రాత్రి పెనువాన కురిసి వఱద ముంచివైచినది. వేలకొలది సైనికులు మరణించిరి. నాటినుండి లూ క్వాంగు ఆయనను తుచ్ఛముగ చూడ వెఱచెను. సైన్యము లియాంగుచౌ చేరునప్పటికి ఫూ చియెను హతుడయ్యెనని వార్త వచ్చెను. లూ క్వాంగు స్వామి లేని సేనాని యయ్యెను గనుక, అచటనే నిలిచి స్వతంత్రరాజ్యము స్థాపించుకొనెను. అది నేటి కాన్సు రాష్ట్రమున వూవే నగర ప్రాంతము. పండితుని పిలిపించిన రాజు చనిపోయెను. పట్టుకొనివచ్చిన రాజునకు పాండిత్యముతో పనిలేదు. కుమారజీవుడు నడిత్రోవలో నిలిచిపోయెను.

ఆ నిలిచిపోవుట ఒకటి రెండు సంవత్సరములు కాదు, దాదాపు పదునేడు సంవత్సరములు. లూ వంశీయులు ఆయనను శకునములు చెప్పువానిగ మాత్రమే వాడుకొనిరి. గాలి వీచిన నేమగును, తిరుగుబాటు చేసినవాడు గెలుచునా యోడునా యని యడుగుచుండిరి. ధర్మబోధకు అవకాశము లేదు, చుట్టును శిష్యబృందము లేదు. ఇట్టి స్థితిలో సామాన్యుడు పోయిన దేశమును తలచి కుమిలిపోవును. కుమారజీవుడు చుట్టునున్న దేశమును చదువ నారంభించెను. చీనాభాష సంస్కృతమునకు పూర్తిగ విరుద్ధమైనది. విభక్తులు లేవు, క్రియారూపములు లేవు. ఒక్కొక్క భావమున కొక్కొక్క లిపి. ఉచ్చరించు స్వరము మాఱిన అర్థము మాఱును. సంస్కృతమున దీర్ఘసమాసముతో చెప్పునది అచట నాలుగు లిపులలో ఇముడవలెను. నలువదేండ్లు దాటినవాడు అట్టి భాషను వశపఱచుకొనెను. పండితులు వ్రాయు భాషనేకాక జనులు మాటలాడు పలుకుబడిని సైతము గ్రహించెను. చాంగానునుండి సెంగ్ చావో అను యువభిక్షువు ఆయనను వెదకికొని లియాంగుచౌకు వచ్చి శిష్యుడయ్యెను. తరువాతికాలమున చీనా బౌద్ధదార్శనికులలో అగ్రగణ్యుడైనవాడు ఈ సెంగ్ చావోయే.

నారుమడినుండి పెఱికిన నారు వెంటనే నాటనిదే వాడిపోవును. కుమారజీవుడు పెఱికిన పదునేడేండ్లకు గాని నాటబడలేదు. అయినను వాడలేదు. నేలకు పట్టా ప్రభుత్వమిచ్చును. దేశమునకు పట్టా భాషయే యిచ్చును. ఆ పట్టాను ఆయన చెఱలోనే సంపాదించుకొనెను.

అప్పటికి చాంగానున యావో వంశము రాజ్యమునకు వచ్చెను. ఆ వంశమున రెండవ రాజగు యావో షింగు బౌద్ధధర్మాభిమాని. ఆయన సేన 401లో లియాంగుచౌను లోబఱచుకొనెను. ఆ సంవత్సరాంతమున కుమారజీవుడు చాంగాను ప్రవేశించెను. ఒకప్పుడు బయలుదేఱదీసిన ప్రయాణము ఇప్పటికి ముగిసెను. అప్పటికి ఆయన వయస్సు అఱువది సమీపించెను. రాజు ఆయనను రాజగురువుగ గౌరవించి, రాజోద్యానమున అనువాదశాలను ఏర్పఱచెను.

ఆ శాలలో పని జరిగిన తీరు తెలిసికొనదగినది. చీనాలో బౌద్ధగ్రంథములు అంతకుముందును అనువదింపబడినవి. కాని వచ్చినవారికి చీనాభాష చాలదు. సాయపడినవారికి సంస్కృతము రాదు. ధర్మము, శూన్యము, నిర్వాణము మున్నగు మాటలకు తావోమతపు మాటలను తెచ్చి అతికించుటచే అర్థము తారుమాఱయ్యెను. కుమారజీవుడు మూలగ్రంథమును చేతబట్టి, సభలో నోటితోనే చీనాభాషలోనికి మార్చి చెప్పుచు, అర్థమును వివరించుచుండెను. ఎనిమిదివందలకు మించిన భిక్షువులు కూడి వాదోపవాదములు చేయుచుండిరి. రాజు స్వయముగ పాత యనువాదమును చేతబట్టి సరిపోల్చుచుండెను. తగిన చీనా మాట లేనిచోట సంస్కృతశబ్దమునే యుంచుచుండిరి. సందేహములు తీఱిన పిమ్మటనే లేఖకులు వ్రాయుచుండిరి.

ఒకనాడు సద్ధర్మపుండరీకమున దేవతలును మనుష్యులును ఒండొరులను చూతురను తావు వచ్చెను. పాత యనువాదమున అది పొడిపొడి మాటలలో నుండెను. అర్థము సరిగనే యున్నది గాని మాట మొరటుగ నున్నదని కుమారజీవుడు చింతించుచుండగా, శిష్యుడగు సెంగ్ జుయి మఱియొక పలుకుబడి సూచించెను. గురువు మిక్కిలి సంతసించి దానినే గ్రహించెను. పండితుడైనవాడు ఆ దేశపు బిడ్డ నోట వచ్చిన మాటను తన మాటకంటె ఎక్కువగ గౌరవించుటయే ఆ యనువాదముల మాధుర్యమునకు కారణము. చీనావారు సంక్షేపప్రియులని యెఱిగి, ప్రజ్ఞాపారమితకు గొప్ప వ్యాఖ్యగు మహాప్రజ్ఞాపారమితాశాస్త్రమును మొదటి భాగము సంపూర్ణముగను, తక్కినది కుదించియు, నూఱు సంపుటములలో 405 నాటికి ముగించెను. 406లో సద్ధర్మపుండరీకము, విమలకీర్తి నిర్దేశము, 409లో నాగార్జునుని మధ్యమకశాస్త్రము వెలువడినవి. వజ్రచ్ఛేదిక, సుఖావతీవ్యూహములు కూడ ఆయన యనువదించినవే. ప్రాచీనమైన పట్టిక ప్రకారము ఆయన గ్రంథములు 35, వాని సంపుటములు 294. ఇవి యన్నియు పండ్రెండు సంవత్సరములలోపల జరిగిన పని.

ఇంత చేసియు ఆయనకు తృప్తి లేదు. అనువాదమనగా ఒకరు నమిలిన అన్నమును మఱియొకరికి పెట్టుట వంటిదనియు, రుచి పోవుటయే గాక వెగటు కూడ కలుగుననియు ఆయన చెప్పుచుండెను. తాను కలమెత్తి స్వతంత్రముగ మహాయానశాస్త్రమును వ్రాసినచో పూర్వాచార్యులకు తీసిపోననియు, కాని లోతెఱిగినవారు కొఱవడిన ఈ దేశమున ఱెక్కలు విఱిగిన పక్షివలె నున్నవాడు ఎవరికై వ్రాయవలెననియు వాపోవుచుండెను. రాజు కొఱకు రచించిన రెండు భాగముల చిన్న గ్రంథము తప్ప విశేషముగ స్వతంత్రరచన చేయలేదు. తనకు సమానులు లేని పరదేశమున తన ప్రతిభను అణచుకొని, ఇతరుల గ్రంథములకు దాసుడై పనిచేసెను. స్వలాభముండదని తల్లి చెప్పినమాట ఈ విధముగను నిజమయ్యెను.

మఱియొక దుఃఖము కూడ సంభవించెను. ఇంతటి మేధావికి సంతతి లేకపోరాదని యావో షింగు తలచి, పదిమంది స్త్రీలనిచ్చి, విహారము విడిచి వేఱుగ గృహమున నివసించునట్లు నిర్బంధించెను. లూ క్వాంగు ద్వేషముతో చేసిన దానినే యావో షింగు ప్రేమతో చేసెను. కుమారజీవుడు ఉపన్యాసమునకు ముందు శ్రోతలతో, బురదలో తామర పుట్టునట్టిదే తన స్థితి యనియు, తామరను గ్రహించి బురదను విడువవలెననియు చెప్పుచుండెను. పూర్వగురువగు విమలాక్షుడు ఎడారి దాటి చాంగానుకు వచ్చి శిష్యులెందఱని యడుగగా, మూడువేలమంది తన వలన ధర్మము విన్నారనియు, కాని తన కర్మభారముచే తాను గురువుగ గౌరవింపబడుటకు తగననియు ఆయన బదులు చెప్పెను. తన లోపమును దాచుకొనక, దానికి కారకులైన రాజులను దూఱక, పనిని మాత్రము విడువకుండుట ఆయన గొప్పతనము.

క్రీ.శ. 413లో చాంగానుననే కుమారజీవుడు స్వర్గస్థుడయ్యెను. మరణకాలమున శిష్యులను పిలిచి, సర్వాస్తివాద వినయమును సరిదిద్దుట యొక్కటి తప్ప తక్కిన యనువాదములన్నియు ముగిసినవనియు, వానిలో తప్పు లేనియెడల దహనానంతరము తన నాలుక కాలకుండును గాక యనియు పలికెను. దేహము భస్మమైనను నాలుక మాత్రము చెడక మిగిలెనని పరంపరాగతమైన గాథ. మిగిలిన వినయగ్రంథమును వృద్ధుడైన విమలాక్షుడు పూర్తిచేసెను. శిష్యుని పని గురువు ముగించుట అరుదు. పదునేడేండ్లు బందీగ నుండిన వూవే నగరమున ఆయన నాలుకపై కట్టినదని చెప్పబడు స్తూపము నేటికిని కలదు. నాలుక కాలలేదను గాథను నమ్మినను నమ్మకున్నను, దాని తాత్పర్యము స్పష్టము. చీనావారు ఆ పరదేశి నాలుకను తమ నాలుకగ అంగీకరించిరి.

నాలుగేండ్లకే, 417లో, యావో వంశము నశించెను. ఆ సభ చెదరిపోయెను. గ్రంథములు మాత్రము నిలిచినవి. చీనాలోను జపానులోను సద్ధర్మపుండరీకమును పారాయణ చేయువారు నేటికిని ఆయన మాటలనే చదువుచున్నారు. 868లో అచ్చువేయబడి, తున్‌హువాంగు గుహలో దొరకిన వజ్రచ్ఛేదిక, తేదీ గల ముద్రితగ్రంథములలో లోకమున మిక్కిలి పాతది. అదియు కుమారజీవుని యనువాదమే.

నాగార్జునుడు నివసించెనని సంప్రదాయము చెప్పు శ్రీపర్వతము కృష్ణాతీరమున నున్నది. 1955లో శంకుస్థాపన జరిగిన సాగరపు నీటిలో ఆ లోయ మునిగెను. త్రవ్వకములలో బయల్పడిన శిల్పములు కొండపై భద్రపఱుపబడినవి. ఆయన పేర వెలసిన మహాప్రజ్ఞాపారమితాశాస్త్రము, ద్వాదశముఖశాస్త్రము సంస్కృతమున లభింపవు. నేడవి మిగిలియున్నది కుమారజీవుని చీనా భాషాంతరములలో మాత్రమే. పుట్టినింట నిలువని గ్రంథములు, ఇల్లు లేని బందీ మూలమున, పరాయి యింట పదునాఱువందల యేండ్లు భద్రముగ నున్నవి. ఒక్క మనిషి నేర్చిన ఒక్క భాష చేసిన మేలిది.